ముందు మనిషి, తర్వాతే దెయ్యం

పోయిన నెల మా మనవడు నన్ను కర్నూలుకు ఒక కొత్త దెయ్యం సినిమాకు తీసుకుపోయాడు. "తాతా, నువ్వు ముప్పై ఏళ్లు ఆపరేటరుగా ఉన్నావు కదా, ఇది ఎట్లుందో చూసి నువ్వే చెప్పు" అన్నాడు. ఇద్దరికీ టికెట్లు, పాప్‌కార్న్, ఆటో అన్నీ కలిపి వెయ్యి రూపాయలకు దగ్గరపడింది. నా బాధ డబ్బు గురించి కాదు. మూడు రోజులు నిద్ర పట్టకపోవడానికి కారణం వేరే ఉంది.

సినిమా పేరు రాయను. తీసినవాళ్లు కుర్రవాళ్లు, బహుశా ఇదే మొదటి ప్రయత్నం. పేరు పెట్టి నలుగురిలో నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. కానీ చెప్పకుండా ఉండలేకపోతున్నాను, ఎందుకంటే ఆ సినిమా మొదటి ఇరవై నిమిషాలు నిజంగా బాగుంది.

ఊరి బయట దిగుడు బావి. నిండా నీళ్లున్నా ఎవరూ తోడరు. ప్రతి అమావాస్య సాయంత్రం ఒక ముసలామె వచ్చి గట్టు మీద గుప్పెడు ఉప్పు పోసి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోతుంది. పట్నం నుంచి వచ్చిన మనవరాలు ఎందుకవ్వా అని అడిగితే జవాబు చెప్పదు. ఆ రాత్రి ఆ పిల్లకు బావి వైపు నుంచి రోకటి పోటు వినిపిస్తుంది. ఎవరో నిదానంగా, ఒకే తూకంలో, వడ్లు దంచుతున్నట్టు. అక్కడ నేను కుర్చీలో ముందుకు జరిగాను. ఎన్నేళ్లయిందో ఒక సినిమా నన్ను అట్లా ముందుకు లాగి.

ఆ తర్వాత ఏమయింది? ఏమీ కాలేదు. హీరో వచ్చాడు, అతని ముగ్గురు స్నేహితులు వచ్చారు, పాట వచ్చింది. తలుపులు ధడాలున మూసుకున్నాయి. తెల్లగుడ్లు పెట్టుకున్న ఒక ఆకారం ఐదు నిమిషాలకోసారి అద్దంలో కనబడి మాయమయింది. అది కనబడిన ప్రతిసారీ చెవులు చిల్లులు పడే చప్పుడు. ఇంటర్వెల్ తర్వాత ఒక మంత్రగాడు వచ్చి, ఆ బావిలో చచ్చిపోయిన ఆడమనిషి కథంతా నిలబడినచోటే ఒక్క ఊపిరిలో అప్పజెప్పాడు. ఆమె పేరు ఒక్కసారే వినపడింది. ఉప్పు ఎందుకో చెప్పలేదు. రోకలి ఎవరిదో చెప్పలేదు. ముసలామె పెదవి విప్పకపోవడానికి కారణమేమిటో ఆమెకే తెలియాలి. చివర్లో బావిలో నీళ్లు సుడి తిరిగాయి, మిగతాది రెండో భాగంలో అని రాశారు. లైట్లు వెలిగాయి.

పనికిరాని సినిమా మీద నాకు కోపం రాదు, అటువంటివి నా చేతులతో వందలు ఆడించాను. మంచి విత్తనం సంపాదించి, దుక్కి దున్నకుండా గట్టు మీద చల్లిపోతే మాత్రం కోపం వస్తుంది. ఆ విత్తనం మళ్లీ దొరకదు.

మా రోజుల్లో దెయ్యం కథ మొదట వినేది ఇంటి అరుగు మీద. మా అవ్వ చెప్పేది. ఆమె కథలో దెయ్యం వచ్చేసరికి సగం రాత్రి గడిచేది. ముందు ఆ ఆడమనిషి పేరు చెప్పేది. ఏ ఊరి ఆడబడుచు, ఏ ఇంటి కోడలు, జొన్నరొట్టె ఎంత పలచగా తట్టేది, నవ్వితే ఏ చెంప సొట్టపడేది, కాన్పుకు పుట్టింటికి పంపమని అత్తను ఎన్నిసార్లు అడిగింది, అన్నీ చెప్పేది. ఆ మనిషి మాకు తెలిసిన మనిషి అయ్యేది. పొలంలో దాహమై దాహమై ప్రాణం పోయిందని చెప్పినప్పుడు పిల్లలమంతా ఏడ్చేవాళ్లం. దెయ్యం వచ్చేది ఆ తర్వాతే. దాహంతో పోయింది కాబట్టి దారిన పోయేవాళ్లను నీళ్లే అడిగేది. ఇంకేమీ అడగదు, ఎవరి గొంతూ పిసకదు. ఆ కథ విన్న రాత్రి, చెంబుతో నీళ్లు తాగాలంటే చెయ్యి వణికేది. యాభై ఐదేళ్లు దాటినా అది నాకు గుర్తుంది. ఆ కుర్రవాళ్ల సినిమాలో తెల్లగుడ్ల ఆకారం ముఖం ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను.

ముందు మనిషి, తర్వాతే దెయ్యం. అక్షరం ముక్క రాని మా అవ్వకు తెలిసిన సూత్రం ఇది.

1978లో నంద్యాల వైపు ఒక చిన్న ఊళ్లో సినిమా హాలు క్యాబిన్‌లో హెల్పరుగా చేరాను. అప్పుడు రెండు ప్రొజెక్టర్లు, కార్బన్ కడ్డీల వెలుగు. కడ్డీలు అరిగిపోతుంటే దూరం సరిచేస్తూ ఉండాలి, లేకపోతే తెర మసకబారుతుంది. ఒక్కో రీలు వెయ్యి అడుగులు, పదకొండు నిమిషాలు. తెర కుడివైపు పైమూలలో చిన్న చుక్క పడగానే రెండో ప్రొజెక్టరుకు మార్చాలి. ఆ పని చేస్తూ నేను క్యాబిన్ కంతలోంచి తెరనే కాదు, జనాన్ని చూసేవాణ్ని. నేల, బెంచీ, కుర్చీ తరగతులన్నీ చీకటి. ఆ చీకట్లో కనబడేవి బీడీ నిప్పులు. సినిమా మామూలుగా నడుస్తుంటే ఆ నిప్పులు పైకి కిందికి కదులుతూ, వెలిగి ఆరుతూ ఉండేవి. నిజంగా భయం పట్టుకున్న చోట అన్నీ ఒక్కసారి నిలిచిపోయేవి. నోటి దాకా పోయిన బీడీని పీల్చడం మరిచిపోయేవాళ్లు. ఒక దెయ్యం సినిమా పండిందా లేదా అన్నది నాకు పత్రికల వాళ్లు చెప్పనక్కర్లేదు, ఆ నిప్పులు చెప్పేవి. మొన్న కర్నూలులో బీడీలు లేవు కానీ ఫోన్లున్నాయి. సరిగ్గా దెయ్యం పూనిన సీనులో హాలంతా ఫోన్ల వెలుగు. మా మనవడూ మెసేజీ చూసుకున్నాడు. వాడి తప్పు కాదది.

నేను చేరిన సంవత్సరమే విఠలాచార్య గారి 'జగన్మోహిని' వచ్చింది. ఇప్పటి కంప్యూటర్లు ఆయన దగ్గర లేవు, పెద్ద డబ్బూ లేదు. దెయ్యం తన కాలినే పొయ్యిలో కట్టెలాగా పెట్టి వంట చేస్తుంటే జనం కేకలు పెట్టారు. ట్రిక్కు ఎట్లా చేశారో ఈరోజు చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. కానీ గమనించండి, అది వంటిల్లు. రోజూ మన అమ్మలు కూర్చునే చోటు. మనకు బాగా తెలిసిన పనిని దెయ్యం చేత చేయించారు ఆయన. ఆ దెయ్యానికి ఏం కావాలో నేల టికెట్టు పిల్లవాడికి కూడా తెలుసు. ఇప్పుడు లక్షలు పోసి గాలిలో ఎగిరించే ఆకారాలకు ఏం కావాలో వాటిని తీసినవాళ్లకే తెలియదు.

1985లో వంశీ గారి 'అన్వేషణ' వచ్చింది. అందులో దెయ్యమే లేదు. తలకోన అడవి, పక్షుల కూతల మీద పరిశోధనకు వచ్చిన ఒక అమ్మాయి, పులి చంపిందనుకునే చావులు, ఇళయరాజా సంగీతం. అడవి వినిపించేది. ఆకు మీద అడుగు పడిన చప్పుడుకు బీడీలు ఆగిపోయిన సినిమా అది. మా హాల్లో తెర వెనక ఒక్కటే స్పీకరు ఉండేది. అయినా ఆ సినిమా నడిచినన్నాళ్లూ జనం తల తిప్పి పక్కకు చూసేవాళ్లు. చుట్టూ స్పీకర్లు ఉన్న హాల్లో మొన్న ఒక్కరూ తల తిప్పలేదు. ఎందుకంటే ఎప్పుడు మోత మోగుతుందో అందరికీ ముందే తెలిసిపోయింది. సంగీతం పెరుగుతుంది, ఆగుతుంది, ఢామ్మంటుంది. అంతే. వెనక నుంచి వచ్చి బుర్ర మీద కొడితే ఎవడైనా ఉలిక్కిపడతాడు. ఉలికిపాటు వేరు, భయం వేరు. ఉలికిపాటు అక్కడే పోతుంది. భయం మనతో ఇంటికి వస్తుంది.

ఇంటికి రావడమంటే ఏమిటో 1992లో చూశాను. రామ్ గోపాల్ వర్మ గారి 'రాత్రి' ఆడిన వారం. రేవతి నటించిన సినిమా. కొత్త ఇంట్లోకి వచ్చిన మామూలు కుటుంబం, కాలేజీకి పోయే అమ్మాయి, ఒక పిల్లి. అంతకంటే ఏముంది అందులో? కానీ ఆ ఇంట్లో కెమెరా నేలబారుగా జరుగుతుంటే, ఏదో ఆ ఇంటిని వెతుకుతున్నట్టు ఉండేది. దెయ్యాన్ని చూపించడానికి వర్మ గారు తొందరపడలేదు. ముందు ఆ కుటుంబం భోజనాలు, పలకరింపులు, చిన్న చిన్న చిరాకులు చూపించారు. సెకండ్ షో వదిలాక మా ఊరి వీధిలో జనం ఎప్పుడూ విడివిడిగా పోయేవాళ్లు. ఆ వారం మాత్రం పది పదిహేను మంది గుంపుగా, గట్టిగా మాట్లాడుకుంటూ పోయారు. గోడ మీద పిల్లి కనబడితే ఆగిపోయారు. నేను హాలు తాళం వేసి సైకిలెక్కేటప్పుడు అదంతా కళ్లారా చూశాను. ఒక సినిమా ఊరి నడకనే మార్చేసింది.

సినిమాలే కాదు. ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసిదళం' సీరియల్‌గా వస్తున్న రోజుల్లో మా హాలు మేనేజరు పత్రిక రాగానే ముందు ఆ పేజీలే చదివి, తర్వాత కలెక్షను లెక్కలు చూసేవాడు. ఆ నవల మీద గొడవ కూడా తక్కువ జరగలేదు. మూఢనమ్మకాలు పెంచుతుందని రంగనాయకమ్మ గారు గట్టిగా విమర్శిస్తూ రాశారు. ఇద్దరి మాటలూ మేము చదివాం, టీకొట్ల దగ్గర వాదించుకున్నాం. ఆ నవలలో ఒకవైపు డాక్టర్లు, ఇంకోవైపు మంత్రగాళ్లు, మధ్యలో చిన్నపిల్ల. పాపను ఏది కాపాడిందో తేల్చుకోలేని విధంగా రాశారాయన. నచ్చినా నచ్చకపోయినా అందులో ఒక ఆలోచన ఉంది, ఆ ఆలోచనతో తగాదా పెట్టుకోవచ్చు. సగం ఉడికిన సినిమాతో తగాదా కూడా పెట్టుకోలేం, అందులో పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

ఇంకో మాట చెప్పాలి. మన పల్లెల్లో చేతబడి, బాణామతి, చిల్లంగి అనే పేర్లతో అమాయకులను అనుమానించి కొట్టి చంపిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. ఆ మాటలతో ఆడుకునే సినిమా ఒళ్లు దగ్గర పెట్టుకుని రాయాలి. మొన్నటి సినిమాలో ఊరి చివర గుడిసెలో ఉండే ఒక ఒంటరి ముసలివాణ్ని ఏ కారణమూ లేకుండా మంత్రగాణ్ని చేసేశారు. కథ రాయడానికి ఓపిక లేనప్పుడు నింద ఎవరో ఒక పేదవాడి మీద పడుతుంది. సినిమాలో పడిన నింద ఊళ్లో ఉండే అటువంటి వాడి మీద కూడా పడుతుంది. ఇది చిన్న విషయం కాదు.

1993లో మలయాళంలో ఫాజిల్ తీసిన 'మణిచిత్రతాళ్' కథ తమిళంలో 'చంద్రముఖి' అయి, 2005లో తెలుగులో కూడా వచ్చినప్పుడు మా హాల్లో జనం విరగబడ్డారు. ఒక పాత మహల్, తాళం వేసిన ఒక గది, ఆ గది కథ విని మనసులో ఆ కథను పెంచుకున్న ఒక ఇల్లాలు. దెయ్యం అనుకున్నది చివరికి ఆ అమ్మాయి మనసుకు పట్టిన జబ్బు అని తేలుతుంది. ఒక్క తాళం చుట్టూ సినిమా మొత్తం కట్టారు. ఆ కుర్రవాళ్ల చేతిలో బావి ఉంది, ఉప్పు ఉంది, రోకలి ఉంది. మూడు తాళాలు చేతికిచ్చినా ఒక్క తలుపూ తీయలేదు.

'అరుంధతి' 2009 జనవరిలో వచ్చింది. అందులో చూపించిన పాత బంగళా మా బనగానపల్లె దగ్గరే ఉంది, ఇప్పటికీ జనం దాన్ని అరుంధతి బంగళా అంటారు. కోడి రామకృష్ణ గారు గ్రాఫిక్స్ బాగా వాడారని అందరూ పొగిడారు. నేను మెచ్చుకునేది వేరు. అందులోని దుర్మార్గుడు పశుపతిని ఎందుకు చంపలేదో ఆ సినిమా చెప్పింది. చంపితే ఆత్మగా మారి ఇంకా ప్రమాదం కాబట్టి బతికుండగానే సమాధి చేశారు. వాడి అంతానికి కథానాయిక జేజమ్మ తన ఎముకలే ఆయుధం కావాలని తనంతట తాను ప్రాణం ఇచ్చింది. అంటే ఆ దెయ్యానికి ఒక కట్టుబాటు ఉంది, దాన్ని ఆపడానికి ఒక ఖరీదు ఉంది, ఆ ఖరీదు ఒక మనిషి చెల్లించింది. అందుకే జేజమ్మగా నటించిన అనుష్క కత్తి పట్టినా పట్టకపోయినా జనం ఊపిరి బిగబట్టారు. మా సీమలో నాయనమ్మను జేజి అంటాం. జేజమ్మ అన్న పిలుపు వింటేనే మా హాల్లో ముసలివాళ్ల కళ్లల్లో నీళ్లు తిరగడం నేను చూశాను. దెయ్యం సినిమాలో కన్నీళ్లు.

ఆ తర్వాత రోజులు మారాయి. డిజిటల్ పెట్టె వచ్చింది, రీళ్లు పోయాయి, నా పని పోయింది. కొన్నాళ్లకు హాలే కల్యాణ మండపం అయింది. 2013లో 'ప్రేమకథా చిత్రమ్' ఆడాక దెయ్యాన్నీ నవ్వునూ కలిపితే డబ్బులొస్తాయని అందరికీ తెలిసింది. అది తప్పని నేను అనను, ఆ సినిమా దాని పని అది చేసింది. తప్పు తర్వాత వచ్చినవాళ్లది. ఒక బంగళా, నలుగురు కమెడియన్లు, ఒక పాత చావు ఉంటే చాలు సినిమా అయిపోతుందని అనుకున్నారు. దెయ్యం కూడా ఆ గుంపులో ఒకరైపోయింది.

ఒక సంగతి గుర్తొస్తే ఇప్పటికీ మనసు మండుతుంది. తొంభైలలో మన ఊళ్లల్లో తలుపుల మీద, గోడల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని సుద్దతో, బొగ్గుతో రాసేవాళ్లు. మా వీధిలో కూడా రాశారు. రాత్రి తలుపు కొట్టే ఆడదెయ్యం అది చదివి తిరిగిపోతుందని నమ్మేవాళ్లు. ఎంత గొప్ప కథ అది! చదవడం వచ్చిన దెయ్యం, మాట వినే దెయ్యం, రోజూ రేపటి కోసం ఎదురుచూసే దెయ్యం. మన గోడల మీద అన్నేళ్లు ఆ కథ ఉంది. చివరికి 2018లో దాన్ని హిందీలో 'స్త్రీ' అనే సినిమాగా పెద్ద హిట్టు చేశారు. ఆ కథ రాసిన రాజ్, డీకేలు మన చిత్తూరు జిల్లా వైపు నుంచి వెళ్లినవాళ్లే. ఆ కథకు కూర్చుని రాసే ఓపిక దొరికిన చోటు మన పరిశ్రమ కాకపోవడమే నా బాధ.

ఇప్పటివాళ్లకు ఏమీ రాదని చెప్పడం లేదు. 2022లో వచ్చిన 'మసూద' చూశాను. ఒంటరిగా కూతుర్ని పెంచుకునే తల్లి, పక్కింటి కుర్రాడు, వాళ్ల మొహమాటాలు, ఇంటి ఇబ్బందులు చూపించాకే భయం ఇంట్లోకి వచ్చింది. 2023లో 'విరూపాక్ష' ఒక ఊరిని కట్టింది, ఆ ఊరికి 1979లో జరిగిన తప్పును కట్టింది. 'మా ఊరి పొలిమేర' మన ఊరి మనుషులనే చూపించింది. అంటే చేతనవుతుంది. చేతనైనా చేయకపోవడం మీదే నా పోట్లాట.

ఇంటికి వచ్చాక మూడు రాత్రులు ఆ ఉప్పు గురించే ఆలోచించాను. మూడో రాత్రి నాకొక కథ తోచింది. ఆ ముసలామె చిన్నతనంలో ఆ ఊళ్లో ఒక ఇంటికి చిన్న కోడలుగా వచ్చింది. ఒకరోజు భయంలో పప్పులో రెండుసార్లు ఉప్పు వేసింది. అత్త అడిగితే నోరు మెదపలేదు. తప్పు పెద్ద కోడలి మీద పడింది. శిక్షగా రాత్రంతా వడ్లు దంచమన్నారు. దంచి దంచి, అవమానం భరించలేక, తెల్లవారుజామున ఆమె బావిలో దూకింది. అప్పటి నుంచి ఈమె అమావాస్యకొకసారి గుప్పెడు ఉప్పు తీసుకుపోయి గట్టు మీద పోస్తోంది. అది క్షమాపణ. కానీ ఆ తప్పు నాది అనే ఒక్క మాట మాత్రం అరవై ఏళ్లుగా నోటి నుంచి రాలేదు. ఆ మాట వినేవరకు రోకటి పోటు ఆగదు.

నేను రచయితను కాను, ఇది గొప్ప కథ అని చెప్పను. అయినా ఉప్పుకు కారణం దొరికింది, రోకలికి చెయ్యి దొరికింది, ముసలామె మౌనానికి అర్థం దొరికింది. దెయ్యాన్ని పంపడానికి మంత్రగాడు అక్కర్లేదు, మనవరాలి ముందు ఒక ముసలామె నోరు విప్పితే చాలు. ఇదంతా ఆ కుర్రవాళ్లు తెచ్చుకున్న విత్తనంలోనే ఉంది. పైసా ఖర్చు కాని పని ఇది. కాగితం, కలం, కాస్త ఓపిక చాలు.

మన ఊళ్లల్లో దెయ్యమంటే తీరని బాకీ. ఎవరికో అన్యాయం జరిగింది, ఎవరూ అడగలేదు, చెయ్యాల్సిన కర్మ ఎవరూ చెయ్యలేదు. అందుకే ఆమె తిరుగుతోంది. ఆమె కథను సగంలో వదిలేసి రెండో భాగం అని రాస్తే, బతికుండగా ఆమెను పట్టించుకోని ఊరు చేసిన పనే మీరూ చేసినట్టు. సినిమా తీసే పిల్లలారా, కెమెరా అద్దెకు తెచ్చే ముందు ఇంకో ఆరు నెలలు కథ మీద కూర్చోండి. మీ ఇంట్లో అవ్వ ఉంటే ఆమె పక్కన కూర్చుని, చచ్చిపోయినవాళ్లు బతికినప్పుడు ఎట్లా ఉండేవాళ్లో అడగండి. ముందు ఆ మనిషిని మాకు చూపించండి. దెయ్యానికి మేమే భయపడతాం.